తాళంచెవిని ఇంజిను ఎలా గుర్తుపడుతుంది?

బండి స్టార్ట్ కాకపోవడం గురించి మాకు అందే ఉత్తరాలలో చాలా వాటికి మూలం ఇమ్మొబిలైజర్. దొంగతాళంతోనో, వైర్లు కలిపో ఇంజిను నడపకుండా అడ్డుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఇది. కంటికి కనిపించదు, చప్పుడు చేయదు, సరిగా పనిచేస్తున్నంత కాలం అది ఉన్నదన్న సంగతే యజమానికి తట్టదు. అందుకే అది ఒక్కసారి మొరాయించినప్పుడు కలిగే గాభరా, దాని మీద పుట్టే అపోహలు కూడా ఎక్కువ. ఈ సంచికలో ఆ ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా కారుకు ఉన్న రెండు తాళంచెవుల్లో ఒకటి అరిగిపోవడంతో డూప్లికేట్ కోయించాను. దానితో తలుపు తెరుచుకుంటోంది, ఇగ్నిషన్‌లో సులువుగా తిరుగుతోంది, సెల్ఫ్ కూడా బాగానే తిరుగుతోంది. కానీ ఇంజిను ఒక్క క్షణం అంటుకుని వెంటనే ఆగిపోతోంది. పాత తాళంచెవితో ఏ ఇబ్బందీ లేదు. కొత్తదానిని ఇంకా నున్నగా సానబట్టిస్తే సరిపోతుందా?

జవాబు: ఎంత సానబట్టినా ప్రయోజనం ఉండదు. మీ కొత్త తాళంచెవి గాట్లలో తప్పేమీ లేదు కాబట్టే అది తలుపును తెరిచింది, ఇగ్నిషన్‌ను తిప్పింది, స్టీరింగ్ లాక్‌ను కూడా వదిలించింది. ఇంజినుకు కావలసినది గాట్లు కావు, తాళంచెవి ప్లాస్టిక్ తలలో దాగి ఉండే చిప్. మీరు కోయించిన దానిలో ఆ చిప్ లేకపోయి ఉండాలి, లేదా చిప్ ఉన్నా దానిని మీ కారు జాబితాలో నమోదు చేయకపోయి ఉండాలి.

ఈ కాలపు తాళంచెవి ఒక్క వస్తువుగా కనిపించినా, దానిలో ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేసే భాగాలు మూడు ఉంటాయి. గాట్లు ఉన్న లోహపు పలక తలుపునూ, ఇగ్నిషన్ బ్యారెల్‌నూ తిప్పుతుంది. బటన్లు ఉన్న రిమోట్ దూరం నుంచి తలుపులు వేసి తీస్తుంది. మూడవది ట్రాన్స్‌పాండర్ అని పిలిచే చిప్. ఇంజినుకు అనుమతి ఇప్పించేది ఇదొక్కటే. మాకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఈ మూడింటినీ ఒకటిగా భావించడం వల్ల పుట్టినవే కాబట్టి, కింది జవాబులు చదివేటప్పుడు కూడా ఈ విభజనను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాము.

ట్రాన్స్‌పాండర్ చాలా చిన్నది. కొన్ని తాళంచెవుల్లో అది నల్లటి ముక్కలా ఉంటుంది, మరికొన్నిటిలో సుమారు 12 మిల్లీమీటర్ల పొడవుండే సన్నని గాజు గొట్టంలా ఉంటుంది. ఆ గాజు గొట్టాన్ని వెలుతురులో పట్టి చూస్తే లోపల ఒక పుల్లకు బిగించి చుట్టినట్టుగా వెంట్రుకవంటి రాగి తీగ చుట్టలు, వాటి చివర ఒక చిన్న చుక్కలాంటి చిప్ కనిపిస్తాయి. వెతికినా దానిలో బ్యాటరీ దొరకదు. దానికి అవసరమైన విద్యుత్తును కారే పంపిస్తుంది.

ఇగ్నిషన్ బ్యారెల్ చుట్టూ ప్లాస్టిక్ కవరు కింద ఉంగరంలా ఒక తీగచుట్ట అమర్చి ఉంటుంది. మీరు తాళంచెవిని తిప్పి మీటరు దీపాలు వెలగగానే, ఆ తీగచుట్టలో సెకనుకు 1,25,000 సార్లు అటూ ఇటూ ఊగే విద్యుత్ ప్రవాహం మొదలవుతుంది. దీనినే 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం అంటారు. ఆ ప్రవాహం చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం కొద్ది సెంటీమీటర్ల మేర మాత్రమే బలంగా ఉంటుంది, కానీ తాళంచెవి తల సరిగ్గా ఆ పరిధిలోనే ఉంటుంది కాబట్టి చిప్ చుట్టూ ఉన్న రాగి తీగలో విద్యుత్తు పుట్టడానికి అది చాలు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక చుట్ట నుంచి తాకకుండానే మరొక చుట్టకు విద్యుత్తు చేరే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. అలా వచ్చిన కొద్దిపాటి శక్తితో చిప్ మేలుకుంటుంది, ముందుగా తన గుర్తింపు సంఖ్యను చెబుతుంది. చెప్పడమంటే విడిగా రేడియో తరంగాలు పంపడం కాదు. కారు నుంచి తీసుకుంటున్న శక్తిని ఒక క్రమంలో పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, ఆ హెచ్చుతగ్గులు బ్యారెల్ చుట్టూ ఉన్న తీగచుట్టకు తెలుస్తాయి. వాటినే కారు అంకెలుగా చదువుకుంటుంది. నేటికీ చాలా రకాల చిప్‌లు ఈ పద్ధతిలోనే జవాబిస్తాయి.

తొలితరం ఇమ్మొబిలైజర్లలో కథ ఇక్కడితో ముగిసేది: సంఖ్య జాబితాలో ఉంటే ఇంజినుకు అనుమతి దొరికేది, లేకపోతే లేదు. దానిలో ఉన్న బలహీనత చెప్పకుండానే తెలుస్తుంది. ఎప్పుడూ ఒకే సంఖ్యను చెప్పే చిప్‌ను ఒక్కసారి చదివినవారు దానికి నకలు తయారుచేసుకోవచ్చు. తరువాత వచ్చిన పద్ధతి ఈ లోపాన్ని దిద్దింది. ఈ మొత్తం విషయంలో మాకు అన్నిటికంటె తెలివైనదిగా తోచేది కూడా అదే.

ఆ పద్ధతిలో కారుకూ, చిప్‌కూ ముందే ఒక రహస్య సంఖ్య పంచి ఉంచుతారు. ఆ రహస్యం ఎన్నడూ గాలిలోకి రాదు. కారు ప్రతిసారీ అప్పటికప్పుడు ఒక కొత్త సంఖ్యను ఎంచుకుని చిప్‌కు పంపుతుంది. చిప్ ఆ సంఖ్యనూ, తన దగ్గరున్న రహస్యాన్నీ కలిపి ఒక గణితం చేసి ఫలితాన్ని తిరిగి పంపుతుంది. అదే గణితాన్ని కారు కూడా తన దగ్గర చేసుకుని రెండు ఫలితాలనూ పోల్చి చూస్తుంది. ఉదాహరణకు రహస్యం 37 అనీ, గుణించి చివరి రెండు అంకెలు చెప్పడమే ఒప్పందమనీ అనుకుందాం. కారు 12 అని పంపితే గుణకారం 444 కాబట్టి చిప్ 44 అని జవాబిస్తుంది. మరుసటిసారి 58 అని పంపితే గుణకారం 2146 కాబట్టి 46 అంటుంది. పక్కనుంచి విన్నవారికి 12కు 44, 58కి 46 అని తెలిసినా, ఈసారి కారు 91 అని అడిగితే ఆ పాత జవాబులు పనికిరావు. ఇంత తేలిక లెక్కనైతే కాస్త ఆలోచించి ఎవరైనా ఛేదిస్తారు. నిజమైన చిప్‌లు చేసే గణితం, జవాబులను ఎన్నిసార్లు విన్నా రహస్యాన్ని వెనక్కి రాబట్టడం కష్టమయ్యే విధంగా రూపొందించినది. ఆ గణితం ఎంత గట్టిదో, ఇమ్మొబిలైజర్ కూడా అంతే గట్టిది. ఈ మాటకు మరొక పాఠకుడి ప్రశ్న వద్ద మళ్లీ వస్తాము.

జవాబు సరిపోలాక ఇమ్మొబిలైజర్ భాగం ఇంజినును నడిపే కంప్యూటరుకు, అంటే ఈసీయూకు, అనుమతి సందేశం పంపుతుంది. ఆ సందేశం కూడా కారును బట్టి మారే సంకేత భాషలోనే ఉంటుంది కనుక, వైరు కత్తిరించి మరొక వైరు తగిలించినంత మాత్రాన ఈసీయూ నమ్మదు. అనుమతి అందితేనే ఇంజెక్టర్లు ఇంధనం చిమ్ముతాయి, స్పార్క్ ప్లగ్గులకు విద్యుత్తు అందుతుంది. ఇదంతా తాళంచెవిని మీరు ఒక స్థానం నుంచి మరొక స్థానానికి తిప్పేలోగా, సెకనులో చిన్న భాగంలో పూర్తవుతుంది. కొన్ని కార్లలో అనుమతి లేకపోతే సెల్ఫే తిరగదు, కొన్నిటిలో సెల్ఫ్ తిరుగుతుంది గాని ఇంజిను అంటుకోదు. మీ కారులాంటి వాటిలో ఇంజిను అంటుకున్నాక ఒకటి రెండు సెకన్లలో ఈసీయూ ఇంధనం ఆపేస్తుంది. కాబట్టి మీరు చూసినది చెడిపోయిన ఇంజిను లక్షణం కాదు, ఇమ్మొబిలైజర్ తన పనిని సక్రమంగా చేస్తున్నదనడానికి నిదర్శనం. సరైన రకం చిప్ ఉన్న తాళంచెవిని తీసుకుని, మీ పాత తాళంచెవితో సహా సర్వీసు సెంటరుకు వెళ్లి నమోదు చేయించుకోండి.

ప్రశ్న: రిమోట్‌లో బ్యాటరీ అయిపోయింది. బటన్ నొక్కితే తలుపులు తెరుచుకోవడం లేదు. ఈ స్థితిలో బండి స్టార్ట్ అవుతుందా? బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్ల సంగతి ఏమిటి?

జవాబు: తిప్పే తాళంచెవి అయితే నిశ్చింతగా స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ రిమోట్‌ది, చిప్‌కు దానితో పని లేదు. లోహపు పలకతో తలుపు తెరిచి మామూలుగా నడుపుకోవచ్చు. అయితే అలారం ఉన్న కార్లలో తలుపును పలకతో తెరిచినప్పుడు హారన్ మోగవచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేసి చిప్‌ను కారు గుర్తించగానే చాలా కార్లలో అది ఆగిపోతుంది.

బటన్ స్టార్ట్ కార్ల తాళంచెవి మామూలు రోజుల్లో బ్యాటరీతోనే మాట్లాడుతుంది. కానీ బ్యాటరీ అయిపోయే రోజు వస్తుందని తయారీదారులకు తెలుసు కనుక, దానిలో కూడా బ్యాటరీ అవసరం లేని చిప్‌ను ఉంచుతారు. తాళంచెవిని స్టార్ట్ బటన్‌కు ఆనించి గాని, గేరు లివరు వద్దనో కప్పు పెట్టే గూడులోనో తయారీదారు సూచించిన చోట ఉంచి గాని బటన్ నొక్కితే ఇంజిను స్టార్ట్ అవుతుంది. ఆ చోటు ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. దానిని ఓనర్స్ మాన్యువల్‌లో ఇప్పుడే చూసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే చాలామందికి ఆ పుస్తకం అవసరమయ్యే సమయానికి అది తాళం వేసిన కారులోనే ఉంటుంది. తాళంచెవి లోపల దాచిన లోహపు పలకతో డ్రైవరు తలుపు ఎలా తెరవాలో కూడా అందులోనే ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు రోజూ హైవే మీద కారు నడుపుతారు. ఇమ్మొబిలైజర్ తాళంచెవిని గుర్తుపట్టకపోతే నడుస్తున్న బండి మధ్యలో ఆగిపోతుందేమోనని ఆయనకు భయం. ఆ భయంతోనే దానిని తీయించేయాలని అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పమంటారు?

జవాబు: ఆ భయం సహజమే గాని, కారుతో పాటు కంపెనీ అమర్చిన ఇమ్మొబిలైజర్ విషయంలో దానికి ఆధారం లేదని మీ నాన్నగారికి ధైర్యంగా చెప్పండి. పరీక్ష స్టార్ట్ చేసే సమయంలోనే జరుగుతుంది. ఒకసారి అనుమతి దొరికి ఇంజిను నడవడం మొదలయ్యాక, దారిలో చిప్ పాడైనా సరే, ఇంజిను ఆగిపోదు. ఆపాక మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడే తేడా తెలుస్తుంది. ఇది తయారీదారుల మంచితనం మీద ఆధారపడిన విషయం కాదు. వాహనాల దొంగతన నిరోధానికి సంబంధించిన ఐక్యరాజ్యసమితి 116వ నిబంధన, సాధారణ వాహనంలో ఇంజిను నడుస్తుండగా ఇమ్మొబిలైజర్ అడ్డుపడే స్థితిలోకి వెళ్లకూడదని స్పష్టంగా చెబుతుంది. అదే నిబంధన ప్రకారం సంకేతాల సంఖ్య కనీసం 50,000 ఉండాలి. సంకేతం మారుతూనైనా ఉండాలి, లేదా వాటిని వరుసగా ప్రయత్నించడానికి కనీసం 10 రోజులైనా పట్టాలి.

బటన్ స్టార్ట్ కార్లలో ఇందుకు సంబంధించిన వింత ఒకటి ఉంది. ఇంజిను నడుస్తుండగా తాళంచెవి జేబులో పెట్టుకున్న మనిషి దిగి వెళ్లిపోతే, కారు హెచ్చరిక చప్పుడు చేస్తుంది, మీటరులో సందేశం చూపుతుంది, కానీ ఇంజినును ఆపదు. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే. భార్యాభర్తల్లో ఒకరిని దారిలో దింపి మరొకరు బయలుదేరేటప్పుడు తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో చూసుకోవాలి. లేకపోతే గమ్యం చేరి ఇంజిను ఆపాక మళ్లీ స్టార్ట్ చేయడానికి మార్గం ఉండదు.

మీ నాన్నగారి భయానికి నిజంగా తగినవి వేరే ఉన్నాయి. కారు కొన్నాక బయట బిగించే కొన్ని చవక పరికరాలు ఇంధన పంపు వైరునో, ఇగ్నిషన్ వైరునో మధ్యలో కత్తిరించి ఒక రిలే, అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్, ద్వారా నడుపుతాయి. ఆ రిలే వేడెక్కినా, అతుకు వదులైనా నడుస్తున్న ఇంజిను ఆగిపోవచ్చు. దానితో పాటు పవర్ స్టీరింగ్ సాయమూ, కాసేపటికి బ్రేకుకు అందే సాయమూ తగ్గిపోతాయి. కాబట్టి తీయించవలసినది ఏదైనా ఉంటే అది ఇటువంటి అమరికే.

ప్రశ్న: మా కారు మీటరులో తాళంచెవి బొమ్మ ఉన్న దీపం అప్పుడప్పుడు ఆగకుండా మెరుస్తుంది. అలా మెరిసినప్పుడు బండి స్టార్ట్ కాదు. తాళంచెవి తీసి మళ్లీ పెడితే ఒక్కోసారి అవుతుంది. ఇమ్మొబిలైజర్‌ను బైపాస్ చేస్తే ఇక ఈ బాధ ఉండదని మెకానిక్ అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: చేయించవద్దు. బైపాస్ చేయడమంటే చాలాచోట్ల జరిగేది, నమోదైన చిప్ ఒకదానిని ఇగ్నిషన్ చుట్ట పక్కనే శాశ్వతంగా అతికించి వదిలేయడం, లేదా ఈసీయూ ప్రోగ్రాములో ఆ పరీక్షనే తీసివేయడం. ఏది చేసినా ఇకపై మీ కారుకు కాపలా ఆ లోహపు గాట్లే. అద్దం పగలగొట్టి బ్యారెల్‌ను బలవంతంగా తిప్పగలిగినవారెవరైనా దానిని నడుపుకుని వెళ్లిపోగలరు. దొంగతనం జరిగితే బీమా సంస్థ ఈ మార్పును ఎత్తిచూపి పరిహారానికి అడ్డు చెప్పే అవకాశం కూడా ఉంది.

అసలు లోపం చాలాసార్లు చిన్నదే. ముందుగా మీ తాళాల గుత్తిని చూడండి. మరో బండి చిప్ తాళంచెవి అదే గుత్తిలో ఉంటే రెండు చిప్‌లూ ఒకేసారి మేలుకుని మాట్లాడడంతో కారుకు ఏదీ సరిగా వినిపించదు. దళసరి లోహపు రింగు తాళంచెవి తల మీద వాలి ఉన్నా అయస్కాంత క్షేత్రం బలహీనపడవచ్చు. ఆ ఒక్క తాళంచెవిని గుత్తి నుంచి వేరుచేసి నాలుగు రోజులు వాడి చూడండి. తరువాత రెండవ తాళంచెవితో ప్రయత్నించండి. రెండవదానితో ఎప్పుడూ ఇబ్బంది రాకపోతే లోపం మొదటి తాళంచెవి చిప్‌లో ఉన్నట్టు, రెండింటితోనూ వస్తుంటే బ్యారెల్ చుట్టూ ఉన్న తీగచుట్టలోనో, దాని కనెక్టరులోనో ఉన్నట్టు అనుమానించాలి. ఈ చిన్న పరీక్షను చేసి, ఫలితాన్ని మెకానిక్‌కు చెబితే వెతుకులాట చాలావరకు తగ్గుతుంది. కారు బ్యాటరీ బలహీనపడి సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోయినా ఇదే రకం గందరగోళం కనిపించవచ్చు కనుక, దానినీ కొలిపించండి.

తాళంచెవి కింద పడి ప్లాస్టిక్ తల పగిలినందుకు కొత్త కవరు వేయించారేమో గుర్తు చేసుకోండి. కవరు మార్చేటప్పుడు పాత ముక్కలతో పాటు చిప్‌ను కూడా పారేయడం తరచుగా జరుగుతుంది. కవరు మార్చినచోట పాత ముక్కలు అడిగి తీసుకోవాలని పాఠకులందరికీ మనవి.

ప్రశ్న: ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది? దీనివల్ల దొంగతనాలు నిజంగా తగ్గాయా, లేక కార్ల ధర పెంచడానికి ఇదొక సాకా?

జవాబు: తాళంచెవిలో ఎలక్ట్రానిక్ గుర్తును ఉంచాలన్న ఆలోచన కార్లలో స్పష్టంగా కనిపించినది 1986లో. ఆ సంవత్సరం అమెరికాలో జనరల్ మోటార్స్ తన కార్వెట్ కారు తాళంచెవి పలకలో ఒక చిన్న రెసిస్టరును పొదిగింది. కారు దాని విలువను కొలిచి, అది తనకు చెప్పిన విలువ అయితేనే స్టార్ట్ అయ్యేది. విలువలు 15 మాత్రమే కాబట్టి ఓపిక ఉన్నవారు అన్నిటినీ ప్రయత్నించగలిగేవారు. గాలిలో మాట్లాడే చిప్‌లు 1990ల మొదటి సగంలో వచ్చాయి. యూరోపియన్ యూనియన్ 1995 నాటి ఆదేశంతో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో అదే దారి పట్టాయి.

ఫలితం గురించి సందేహం అక్కరలేదు. 1995 నుంచి 2008 వరకు నెదర్లాండ్స్ లెక్కలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, ఇమ్మొబిలైజర్ వల్ల కార్ల దొంగతనాల రేటు సుమారు 40 శాతం తగ్గిందని తేల్చారు. దొంగలు కొంతవరకు పాత కార్ల వైపు మళ్లిన సంగతిని లెక్కలోకి తీసుకున్నాక కూడా మిగిలిన తగ్గుదల అది.

ఇది లేకపోతే ఏమవుతుందో చూపిన ఉదాహరణ మరీ ఇటీవలిది. అమెరికాలో ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేసే జాతీయ నిబంధన లేదు. అక్కడ 2015 మోడల్ కార్లలో ఇతర కంపెనీల మోడళ్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ మామూలుగానే ఉండగా, హ్యుందాయ్, కియా మోడళ్లలో 26 శాతానికే ఉన్నది. 2021, 2022 సంవత్సరాలలో ఆ కార్లను ఎంత సులువుగా స్టార్ట్ చేయవచ్చో చూపే వీడియోలు వ్యాపించడంతో కుర్రవాళ్లు వాటిని దొంగిలించి ఇష్టమొచ్చినట్టు నడపడం, ప్రమాదాలలో ప్రాణాలు పోవడం కూడా జరిగాయి. చివరకు 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు సుమారు 83 లక్షల వాహనాలకు ఉచిత సాఫ్ట్‌వేర్ మార్పును ప్రకటించవలసి వచ్చింది. సరిహద్దుకు ఆవల, కెనడాలో, అవే కంపెనీల కార్లకు చట్టం వల్ల ఇమ్మొబిలైజర్ ముందునుంచే ఉన్నది, అక్కడ ఈ బెడద రాలేదు. తాళంచెవి తలలో పట్టేంత చిన్న వస్తువును ఖర్చు కలిసొస్తుందని వదిలేయడం క్షమించదగినది కాదని మా అభిప్రాయం.

ప్రశ్న: ఇమ్మొబిలైజర్ అంత గట్టిదైతే, ఇంటి ముందు నిలిపిన బటన్ స్టార్ట్ కార్లను తాళంచెవి ముట్టుకోకుండానే ఎలా ఎత్తుకుపోతున్నారు?

జవాబు: ముందు చెప్పిన రహస్య సంఖ్య విషయానికి ఇక్కడ మళ్లీ రావాలి. ఇమ్మొబిలైజర్‌ను ఓడించే మార్గాలు రెండు రకాలు. ఒకటి ఆ గణితాన్నే ఛేదించడం, రెండవది గణితం జోలికి పోకుండా చుట్టూ తిరిగి రావడం.

మొదటిది కొన్ని పాత చిప్‌ల విషయంలో నిజంగానే జరిగింది. రహస్యం 40 బిట్ల పొడవు, అంటే 0 గాని 1 గాని అయ్యే 40 అంకెల పొడవు, ఉన్న ఒక చిప్‌లో సాధ్యమయ్యే సంఖ్యలు సుమారు 1.1 లక్షల కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే గాని, 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ, ఆర్‌ఎస్‌ఏ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు ప్రత్యేక కంప్యూటరు బోర్డులతో దానిని గంటలోపు రాబట్టి చూపారు. 48 బిట్ల మరొక చిప్‌కు 2012లో అదే గతి పట్టింది. 96 బిట్ల రహస్యం ఉన్న మెగామోస్ క్రిప్టో చిప్ లోపాలను కనుగొన్న పరిశోధకులు 2013లో ప్రకటించబోగా, ఫోక్స్‌వ్యాగన్ కోరికపై బ్రిటన్ కోర్టు ప్రచురణను ఆపింది. ఆ పత్రం 2015లో గాని వెలుగు చూడలేదు. గణితాన్ని గోప్యంగా ఉంచితే అది గట్టిదైపోతుందన్న నమ్మకం తప్పని ఈ మూడు సందర్భాలూ చూపాయి. అందరికీ తెలిసిన, అందరూ పరీక్షించిన ఏఈఎస్ అనే సంకేత గణిత పద్ధతిని 128 బిట్ల రహస్యంతో వాడడమే మేలని ఇప్పుడు తయారీదారులు గుర్తించారు.

మీరు అడిగినది రెండవ రకం. బటన్ స్టార్ట్ కారు, తలుపు పిడి తాకగానే దగ్గరలోని తాళంచెవిని తక్కువ పౌనఃపున్యపు సంకేతంతో పలకరిస్తుంది. అది ఒకటి రెండు మీటర్ల దూరం వరకే అందుతుంది. తాళంచెవి తన జవాబును ఎక్కువ దూరం వెళ్లగల రేడియో తరంగాలతో పంపుతుంది. కారు చేసుకునే అంచనా ఒక్కటే: నా పలకరింపు వినిపించింది కాబట్టి తాళంచెవి నా పక్కనే ఉండాలి. ఒకడు కారు దగ్గర, మరొకడు ఇంటి గోడ దగ్గర చెరొక పరికరంతో నిలబడి ఆ పలకరింపును అటు చేరవేస్తే, లోపల బల్ల మీద ఉన్న మీ తాళంచెవి నిజాయితీగా సరైన జవాబే ఇస్తుంది. రహస్యమూ బయటపడలేదు, గణితమూ ఓడిపోలేదు, దూరం గురించిన అంచనా ఒక్కటే తప్పింది. 2011లో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద దీనిని ప్రయత్నించగా, అన్నీ తెరుచుకుని స్టార్ట్ అయ్యాయి.

దీనికి సరైన మందు దూరాన్ని ఊహించకుండా కొలవడం. కొత్త కార్లలో కొన్నిటికి వస్తున్న అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళంచెవులు, సంకేతం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని లెక్కిస్తాయి. ఆ సంకేతం కాంతి వేగంతో వెళ్తుంది కాబట్టి ఒక మీటరు ప్రయాణించడానికి సెకనులో సుమారు 30 కోట్లవ వంతు పడుతుంది. మధ్యలో ఎవరు చేరవేసినా దూరం పెరుగుతుందే గాని తగ్గదు కనుక, ఆ మోసం బయటపడుతుంది. మరికొన్ని తాళంచెవులు కదలకుండా పడి ఉంటే కొంతసేపటికి నిద్రపోతాయి. మీ తాళంచెవికి ఈ రెండు సదుపాయాలూ లేకపోతే, రాత్రిపూట దానిని రేడియో తరంగాలను అడ్డుకునే లోహపు పొరల సంచిలో ఉంచండి. సంచిలో పెట్టి కారు పక్కన నిలబడి తలుపు తాకి చూడండి. తెరుచుకుంటే ఆ సంచి పనికిరాదు. పొరలు మడతల దగ్గర చిరుగుతాయి కాబట్టి అప్పుడప్పుడు ఈ పరీక్ష మళ్లీ చేయాలి. తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే మామూలు కార్లకు ఈ రకం బెడద లేదు, వాటి చిప్ కొద్ది సెంటీమీటర్లకు మించి వినలేదు.

ప్రశ్న: తాళంచెవుల్లో ఒకటి ఎక్కడో పోయింది. ఎవరికైనా దొరికితే కారు తీసుకుపోతారేమోనని బెంగగా ఉంది. మొత్తం తాళాలన్నీ మార్పించాలా?

జవాబు: అన్నీ మార్పించనవసరం లేదు. ఇమ్మొబిలైజర్ వల్ల కలిగే మేలు ఇక్కడే బాగా తెలుస్తుంది. మిగిలిన తాళంచెవిని తీసుకుని సర్వీసు సెంటరుకు వెళ్లి, కారు జాబితా నుంచి పాత చిప్‌లన్నిటినీ తొలగించి, మీ చేతిలో ఉన్నదానినీ, కొత్తగా చేయించినదానినీ మాత్రమే మళ్లీ నమోదు చేయమనండి. ఆ తరువాత పోయిన తాళంచెవి దొరికినవారు తలుపు తెరవగలరేమో గాని ఇంజిను స్టార్ట్ చేయలేరు. కారులో విలువైన వస్తువులు ఉంచే అలవాటు ఉన్నవారు మాత్రం తలుపు తాళాన్ని కూడా మార్పించుకోవాలి.

ఈ పనికి వెళ్లేటప్పుడు వాహన పత్రాలు, గుర్తింపు కార్డు, కారుతో ఇచ్చిన కోడ్ కార్డు ఉంటే అదీ తీసుకెళ్లండి. కొన్ని కార్లలో నమోదైన రెండు తాళంచెవులు చేతిలో ఉంటే మూడవదానిని యజమానే నమోదు చేసుకోవచ్చు. ఒక్కటే మిగిలితే కంపెనీ పరికరం కావాలి. ఒక్కటీ మిగలకపోతే పని పెరుగుతుంది, ఖర్చూ బాగా పెరుగుతుంది, కొన్ని కార్లకు ఈసీయూనే మార్చవలసి రావచ్చు. అందుకని రెండవది పోయాక మూడవదాని గురించి ఆలోచించే పద్ధతి మానుకుని, ఒకటి పోయిన వారంలోనే మరొకటి చేయించుకోండి.

పాత కారు కొనేవారు కూడా ఇదే పని చేయించుకోవడం మంచిది. జాబితాలో ఎన్ని చిప్‌లు నమోదై ఉన్నాయో చాలా కార్లలో సర్వీసు సెంటరు పరికరం చూపుతుంది. అమ్మినవారు మీ చేతికి రెండు ఇచ్చి, పరికరం మూడు చూపితే, ఆ మూడవది ఎవరి దగ్గరున్నదో ఆరా తీయడం కంటే, దానిని జాబితా నుంచి అప్పటికప్పుడే తీసివేయించడం సులువు.